మామగారి తెల్ల పళ్ళెం

"ఆకలి కడుపులో ఉంటుందనుకుంటారు గానీ, సగం కంట్లోనే ఉంటుందయ్యా," అన్నాడు పింగాణీ బావ, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. పింగాణీ కార్ఖానాలో పళ్ళేలకి నమూనాలు గీసేది ఆయనే. పక్కనే ఆయన మామగారు, గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

"మా అత్తగారు పోయాక ఈయన తిండి మీద ధ్యాసే వదిలేశారు. మా ఆవిడ వడ్డించడం, ఈయన రెండు ముద్దలు కెలికి లేచిపోవడం. చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. మా ఆవిడ వంటింట్లో గోడకి తిరిగి ఏడ్చేది. నేను నాలుగు రోజులు గమనించాను. పళ్ళెం చిన్నది, చుట్టూ నీలం అంచు. అందులో గరిటెడు అన్నం పెట్టినా గుట్టలా కనిపిస్తుంది. దిగులుతో ఉన్న మనిషిని గుట్ట ఎక్కమంటే ఎక్కుతాడా? అందుకని వెడల్పాటి పళ్ళెం ఒకటి గీశాను. అంచు లేదు, పువ్వు లేదు, అంతా తెలుపే. తెల్ల పళ్ళెంలో తెల్లన్నం పెడితే ఎంతుందో కన్ను పోల్చుకోలేదు. మూడు గరిటెలు పెట్టినా గుప్పెడే అనిపిస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తిన్నారా?" అన్నాడు టీ కొట్టాయన.

"తినడమా! గిన్నె ఊడ్చేశారు. మర్నాడు పక్కింటి గిన్నె. వారం తిరిగేసరికి మా వీధిలో ఎవరూ తలుపు తీసి అన్నం వార్చే ధైర్యం చెయ్యలేదు. అవునా కాదా మామయ్యా?"

మామగారు టీ ఊదుకున్నారు.

"ఈ సంగతి విని, విందులకి వంటలు చేసే ఆసామి పరిగెత్తుకొచ్చాడు. 'బాబ్బాబు, నాకు దీనికి తిరగేసింది కావాలి' అన్నాడు. సరే, మధ్యలో బొటనవేలంత గుంట, మిగతాదంతా అంచు. మనిషికి చెంచాడు పెడితే చాలు, బెల్టులు వదులు చేసుకున్నారు. చివరి వరసవాళ్ళయితే ఖాళీ పళ్ళెం చూసే త్రేన్చారు!"

"చూసేనా?" అన్నాడు సెలూను అతను.

"ఒకాయన ఇంటికెళ్ళి సోడా కూడా తాగాడు. ఇదంతా చూసి మా యజమానికి ఆశ పుట్టింది, లోకంలో లేనంత పెద్ద తెల్ల పళ్ళెం చెయ్యమన్నాడు. చేశాను. వడ్డించేవాడు కూర గిన్నె సైకిలుకి కట్టుకుని మధ్యకి బయల్దేరాడు. తిరిగి అంచు చేరేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగింది."

"మరి గీయించుకోడానికి నా దగ్గరికి రాలేదే?" అన్నాడు సెలూను అతను.

"సిగ్గుపడుంటాడు. కావాలంటే మామయ్యనే అడగండి, మొదటి పళ్ళెం మహిమ ఆయనకి తెలుసు."

మామగారు గ్లాసు పక్కన పెట్టారు.

"అల్లుడూ, అప్పటికి నా రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి కదయ్యా. ఎదురుగా ఉన్నది పళ్ళెమో పీటో నాకేం తెలుసు? అమ్మాయే కలిపి నోట్లో పెట్టేది."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. బావ నవ్వలేదు. ఆ పళ్ళెం కోసం ఆయన నిజంగానే తంటాలు పడ్డాడని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

"మరి ఎలా తిన్నారు మామయ్యా?" అన్నాడు చివరికి, మెల్లగా.

"నువ్వు రోజూ పక్కన కూర్చుని ఇలాగే కోతలు కోసేవాడివి. నీ మాటలకి నేను నోరు తెరిచినప్పుడల్లా అమ్మాయి ఓ ముద్ద పెట్టేసేది."