ఏడు పాయల రొట్టె

బ్రూక్లిన్‌లో శుక్రవారం మధ్యాహ్నం. యూదు స్త్రీల బతుకుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరమ్మ, సబ్బాతు అనే విశ్రాంతి దినం కోసం పిండి పాయలతో రొట్టె అల్లుతున్న ఆవిడ దగ్గరికి ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది.

"మీ కథ రాసిన నా పుస్తకం మళ్లీ అచ్చేస్తున్నారండీ. తర్వాత మీ సంగతి ఏమైందో రాద్దామని..."

"మా ఆయన చదివాడు."

"మీ పేరూ ఊరూ మార్చానే!"

"రొట్టె మార్చలేదుగా తల్లీ. అప్పట్లో ఈ వీధిలో ఏడు పాయలతో అల్లేది నేనొక్కదాన్నే. విడాకుల పత్రం ఇస్తానని మా మతగురువు రబ్బీ ముందు ఒప్పుకున్నవాడు, నేను నీతో చెప్పిన వాడి గుట్టంతా అందులో చదివాక చస్తే ఇవ్వనన్నాడు."

"మళ్లీ అడగలేదా?"

"రబ్బీ పదిసార్లు పిలిపించాడు. మా మతంలో మొగుడు మనసొప్పి ఇస్తేనే చెల్లుతుంది. నువ్వే రాశావుగా!"

"ఇలా అవుతుందని నాకు తెలీదండీ..."

"నువ్వు ప్రొఫెసరువయ్యావు. నాకు అరవై రెండొచ్చాయి, ఇంకా వాడి పెళ్లాన్నే. పుస్తకం వచ్చినప్పట్నించీ అందరిలా మూడు పాయలతోనే అల్లుతున్నా. అదీ రాసుకో."