గురవయ్య చదివిన కుడిపక్క

గురవయ్య సున్నపు బట్టీ మనిషి. తెల్లారితే బట్టీ కాడ, పొద్దుగూకితే బట్టీ కాడ. కనుబొమలు కూడా తెల్లగా ఉంటయ్యనుకో, ముసలోడై కాదు, సున్నం పట్టి. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి కాలుస్తాడు. కాలిందో లేదో ఎట్టా తెలుసుద్దంటారా, బట్టీలోంచి ఒక గడ్డ తీసి నీళ్ల ముంతలో వేస్తాడు. సుయ్యిమని పొంగితే కాలినట్టు, గమ్మున మునిగితే ఇంకా పచ్చిరాయన్నట్టు. ఆయనకి ఒక్కతే కూతురు, పూజిత. కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు ఆ పిల్లని. ఎత్తుకుని ఎత్తుకుని పిల్ల గౌన్లు కూడా తెల్లగా అయిపోయేవి, అంకమ్మ తిడతా ఉతుక్కునేది. అంకమ్మంటే గురవయ్య పెళ్లాం.

ఏమైందంటే, ఆ పిల్లని ఒకటో తరగతి నుంచీ టౌనులో ఇంగ్లీషు కాన్వెంటుకి పంపాడంట. బస్సొచ్చి ఎక్కించుకుపోయేది. తీరా పదో తరగతికొచ్చేసరికి కాన్వెంటోళ్లు, మీ ఊరి రోడ్డు బాగాలేదు, మా బస్సు ఇక రాదన్నారు. గురవయ్య మాత్రం ఏం చేస్తాడు, ఊళ్లో ఉన్న సర్కారు హైస్కూల్లోనే చేర్చాడు. ఆ బడి పుస్తకాలు మీరు చూశారో లేదో, తెరిస్తే ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క అదే పాఠం తెలుగులో. అదే బొమ్మ అటూ ఉంటది, ఇటూ ఉంటది. మనలాంటోళ్లకి మంచిదే కదా. ఆ పిల్లకి మాత్రం తల తీసేసినట్టయింది. నన్ను తీసుకొచ్చి ఇక్కడ పడేశాడు అని తండ్రి మీద అలిగింది. అలగడమంటే ఒక పూటా రెండు పూటలా కాదు, జూన్‌లో మానేసింది మాట. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, అమ్మా, ఆయన్ని కొంచెం జరగమను, అనేదంట. వింటున్నారా, నాన్న పోయి ఆయన అయ్యాడు. అది చాలనట్టు పుస్తకాల్లో తెలుగు పేజీలన్నిటి మీదా తెల్లకాయితం కప్పి గుండుసూదులు గుచ్చేసింది, కంటికి కనపడకుండా.

గురవయ్యకి ఏడో తరగతి దాకా చదువుంది, తెలుగులోనే. పిల్ల మనసులో ఏముందో తెలీట్లేదు, కనీసం పుస్తకంలో ఏముందో చూద్దామనుకున్నాడేమో. ఆదివారం పిల్ల తలంటుకుని డాబా మీద జుట్టారబెట్టుకుంటా ఉంటే, ఈయన మెల్లిగా సూదులు తీసి చదివేవాడు, చదివి మళ్లీ ఏ బొక్కలో సూది ఆ బొక్కలోనే గుచ్చేవాడు. ఇదిగో, నవ్వకండి. మీకు అంత ఓపికుందా. అట్టా ఒక ఆదివారం సైన్సు పుస్తకం తీస్తే అందులో ఏముంది, కాలిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే వేడి ఎందుకు పుడుద్ది, పుట్టి ఏమవుద్ది, అంతా ఉంది. ఆయనకి ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్ల నుంచీ నేను చేసే పని పుస్తకంలో రాశారే అంకమ్మా, అని పెళ్లానికి చదివి వినిపించాడంట, ఒకసారి కాదు, మూడు సార్లు. ఆమె పొయ్యి మీద కూర మాడిందనుకో. కూతురికి చెబుదామని నోటిదాకా వచ్చుద్ది, చెబితే సూదులు తీసిన సంగతి బయటపడుద్ది. మింగేశాడు.

ఫిబ్రవరిలో ఏమైందంటే, బళ్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. పెద్ద ఆఫీసరొచ్చి చూసి ఒక్క ప్రయోగాన్ని జిల్లా ప్రదర్శనకి పంపుతాడంట. జిల్లాకి కాన్వెంటు పిల్లలు కూడా వస్తారు, పాత స్నేహితురాళ్ల ముందు నిలబడి గెలవాలని పూజితకి పట్టుదల. సైన్సు చెప్పే రజియా టీచరు ఆ పిల్లకి ఏమిచ్చిందంటే, సున్నం మీద నీళ్లు పోసి చూపించమ్మా, మీ ఇంటి పనే కదా, అనిచ్చింది. పిల్ల మొహం ఎర్రగా అయింది. సొంత బట్టీ ఉండి కూడా, తండ్రిని అడగాల్సొస్తదని, టౌనుకి పోయి గోడలకేసే సున్నం పొడి ఒక పొట్లం కొనుక్కొచ్చింది. సున్నం కాల్చేవాడి కూతురు సున్నం కొనుక్కోవడం మా ఊళ్లో అదే మొదలు, అదే చివర. పొట్లం చూడగానే గురవయ్య ఉండలేక, అమ్మాయీ, అది పనికిరాదమ్మా, అన్నాడు. ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, అమ్మా, ఆయన్ని నా చదువులో కలగజేసుకోవద్దను, రేపు బడికి కూడా రావద్దను, అంది. గురవయ్య అన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడంట.

తెల్లారి బళ్లో పిల్లలందరూ బల్లల ముందు నిలబడ్డారు. ఆఫీసరు ఒక్కో బల్లా చూసుకుంటా పూజిత దగ్గరకొచ్చాడు. ఆ పిల్ల ఇంగ్లీషు ఎత్తుకుంది చూడండి, అబ్బో, గుక్క తిప్పుకోకుండా, ఇప్పుడు వేడి పుడుద్ది, నీళ్లు ఉడుకుతయ్యి అని చెప్పి, పళ్లెంలో పొడి పోసి నీళ్లు పోసింది. ఏం కాలేదు. తెల్లటి జావ అయింది, అంతే. ఆఫీసరు పళ్లెం మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ పిల్లకి పాఠమంతా నోటికొచ్చు, ఎందుకు వేడి పుట్టలేదో మాత్రం తెలీదు. అప్పుడు కిటికీలోంచి చూస్తే గేటు అవతల గురవయ్య. రావద్దంది కాబట్టి లోపలికి రాలేదు, పొద్దుటి నుంచీ ఎండలో అక్కడే నిలబడ్డాడు, చేతిలో స్టీలు క్యారేజీ, మూత బిగించి. లుంగీ తెల్లగా, జుట్టు తెల్లగా, బట్టీ కాడి నుంచి నేరుగా వచ్చాడు.

ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడింది. పోతే ఆఫీసరుకి తెలిసిపోద్ది, ఆ సున్నపు మనిషి నా తండ్రని. పోకపోతే జిల్లా పాయె. నిలబడి నిలబడి, ఆఫీసరుతో ఒక్క నిమిషం సార్ అని, అందరూ చూస్తా ఉంటే గేటు దాకా పరిగెత్తింది. పోయి, "నాన్నా, అది పొంగలేదు," అంది. ఎనిమిది నెలల తర్వాత మాట్లాడిన మాట అది. గురవయ్య క్యారేజీ చేతికిచ్చి, పొద్దున తీసిన గడ్డ తల్లీ, మొహం దూరంగా పెట్టుకుని పొయ్యి, అన్నాడంతే. ఆ పిల్ల క్యారేజీ ఒక చేత్తో, తండ్రి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

గడ్డ పళ్లెంలో పెట్టి నీళ్లు పోసింది. ముందు గమ్మునే ఉంది. తర్వాత సుయ్యిమంది. గడ్డ ఫటఫటా పగిలి, కుతకుతా ఉడికి, ఆవిరి లేచి, ఆఫీసరు కళ్లద్దాలు మసకబారిపోయినయ్యనుకో. పిల్లలందరూ ముందుకి తోసుకొచ్చారు. ఆఫీసరు అద్దాలు తుడుచుకుంటా, మరి ఇందాక ఎందుకు కాలేదమ్మా అని అడిగాడు. పూజిత తడుముకోకుండా, "నాకు తెలీదు సార్, మా నాన్నకి తెలుసు," అంది. గురవయ్య మొదట నసిగాడు. తర్వాత అందుకున్నాడు. పొట్లంలోది అంతకు ముందే నీళ్లు తాగేసిందయ్యా, దాని వేడి ఎప్పుడో అయిపోయింది, గాలి తగిలినా అంతే, చెమ్మ పీల్చుకుని చచ్చిపోద్ది, అందుకే మూత బిగించి తెచ్చాను, అన్నాడు. ఆయన ఒక మాట తెలుగులో చెప్పడం, ఈ పిల్ల ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం. ఎడమపక్క కూతురు, కుడిపక్క తండ్రి, ఆ బడి పుస్తకమే లేచి నిలబడ్డట్టుంది. చివర్లో గురవయ్య ఊపులో, దీన్నే ఉష్ణమోచక చర్య అంటారయ్యా, అని పుస్తకంలో మాట అనేశాడు. పూజిత తిరిగి చూసింది. ఆ మాట నీకెట్టా తెలుసు నాన్నా, అంది. ఆయన తల గోక్కున్నాడు. సూదులు మళ్లీ గుచ్చానమ్మా, అన్నాడు. రజియా టీచరు పైటచెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో మనకి తెలీదు.

జిల్లాకి వాళ్లనే పంపారు. వాళ్లనే అంటే ఇద్దర్నీ, తండ్రి లేకపోతే నేను పోనని ఆ పిల్ల పట్టుబట్టింది. కాన్వెంటు పిల్లల ముందు, మా నాన్న, సున్నం కాలుస్తాడు, అని రెండు భాషల్లోనూ చెప్పి మరీ మొదటి బహుమతి కొట్టుకొచ్చింది. పుస్తకాల్లో కప్పిన తెల్లకాయితాలన్నీ ఆ వారమే పీకి పొయ్యిలో వేసిందంట.

ఇప్పుడు గురవయ్యకి ఇంకో బాధ పట్టుకుంది. పిల్ల బడి వదలగానే బట్టీ కాడికొచ్చేసి ఒకటే వాగుడు, ఆ రాయెందుకు పగిలింది, ఈ మంటెందుకు నీలంగా ఉంది నాన్నా, నాన్నా, నాన్నా అని. నోరు మూతపడట్లేదు మామా, పని జరగనీయట్లేదు, అని నా కాడకొచ్చి మొర పెట్టుకుంటా ఉంటాడు. ఆ మొర పెట్టుకునేటప్పుడు వాడి మొహం చూడాలయ్యా మీరు.