నా బాణలి వాసనకి కురిసిన వాన

నాకు గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. సెర్రో కొండ మీద ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు, ఒక్క విల్మర్ తప్ప. వాడిది వెల్డింగు పని, నిప్పురవ్వల మధ్య బతికి బతికి నాలుక కూడా అలాగే తయారైంది. ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు షెడ్డులో మాంసం కాల్చుకు తినడం అయి, పొయ్యిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉండగానే, పదిమంది ముందు వాడేమన్నాడంటే, "యకెలిన్ బీరువాలో చలికోట్లు తప్ప ఏమీ లేవు. మొక్క కాదు కదా, మొక్క బొమ్మ కూడా లేదు."

ఒళ్ళు మండుతుందా మండదా?

సంగతేమిటంటే, మా కొండ మీది క్లబ్బుకి తోటమాలి కావాలి. నలభై అయిదు మంది సభ్యులు, నేనింకా వాళ్ళలో లేను, వాళ్ళందరికీ కలిపి ఒకే గంజాయి తోట, అంతా చట్టప్రకారమే. పాత తోటమాలి నడుం పట్టేసి మానుకున్నాడు. ఆ పని నాక్కావాలి. ఇరవయ్యారేళ్ళొచ్చాయి, ఇప్పటిదాకా నేను చేసినవన్నీ మూణ్ణెల్ల ఉద్యోగాలే. నాలుగో నెల వచ్చేసరికి ఎవరో ఒకరు నా మీద అలుగుతారు, లేదా నేనే అలుగుతాను. ఈ పనికి నెలజీతం ఉంది, తోటకి తలుపుంది, ఆ తలుపు తాళంచెవి షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉంది. అది నా నడుముకి వేలాడాలి. విల్మర్ ఏమో తన బావమరిదిని అందులో కూర్చోబెడదామని చూస్తున్నాడు. ఎవర్ని పెట్టుకోవాలో తేల్చాల్సింది దోన్ డార్డో. ఆయన మాంసం ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు కత్తి పట్టినవాడు, ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు, మాటలు తక్కువ. ఆయన షరతు ఒక్కటే. తోటమాలయ్యేవాళ్ళు సొంత ఇంట్లో సొంత చేత్తో మొక్కలు పెంచి ఉండాలి.

నేను పెంచానన్నాను. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఉన్న దోన్ డార్డో, అందరూ వంతులవారీగా పీల్చే మాతె టీ గిన్నెలో ఆకు మీద వేడినీళ్ళు పోసి నా చేతికిచ్చి, ఎలా పెంచావో చెప్పు పిల్లా అన్నాడు.

చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

అది వానల్లేని ఏడాది, గుర్తుందిగా, మాంటెవీడియోలో ఏ కుళాయి తిప్పినా ఉప్పునీళ్ళు. మా అవ్వ సీరియల్ చూస్తూ కార్చే కన్నీళ్ళే అంతకంటే తియ్యగా ఉండేవి. నా చేతిలో ఒక్క పెసో లేదు. మాది మూడో అంతస్తులో రెండు గదులు, అవ్వా నేనూ. అవ్వ పెళ్ళినాటి చెక్కబీరువా ఖాళీ చేశాను. లోపల అద్దాలు బిగించే స్తోమత ఎక్కడిది, వీధిలో తిని పారేసిన చిప్స్ పొట్లాలు ఏరి, కడిగి, కత్తిరించి, వెండివైపు పైకొచ్చేలా అంటించాను. పాడైపోయిన కంప్యూటర్లలోంచి చిన్న ఫ్యాన్లు పీకాను. వాసన బయటికి పోకుండా, మాంసం కాల్చాక మిగిలిన బొగ్గు దంచి అవ్వ మేజోళ్ళలో కూరి ఫ్యాను ముందు వేలాడదీశాను. తాగి పారేసే మాతె పిప్పే ఎరువు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, ఇందులో నా గొప్పేం లేదు. దోన్ డార్డో తలూపాడు కూడా, నేను చూశాను.

అంత గుట్టు దేనికని విల్మర్ అడిగాడు. తెలిసే అడిగాడు వెధవ. పోలీసుల భయం కాదు, ఇంటికి ఆరు మొక్కలు చట్టమే పెట్టుకోనిస్తుంది, పేరు రాయించుకుంటే చాలు. భయమల్లా దొంగలతోనే. పూత వాసన తగిలిందంటే చాలు, గోడ దూకి మొదలంటా నరుక్కుపోతారు. నా అంత గుట్టు మనిషి ఈ కొండ మీద లేదు. మేజోళ్ళు ఏమయ్యాయే అని అవ్వ నెలరోజులు తిట్టిపోసింది, నోరు విప్పానా? విప్పలేదు.

ఇక దీపం. మొక్కలకి మంచిదీపం కొనలేక, కూల్చేస్తున్న ఫుట్‌బాల్ మైదానంలోంచి పాతదొకటి మోసుకొచ్చాను. అది చిప్స్ పొట్లాల మీద పడి, అక్కణ్ణుంచి ఎదురు పొట్లాల మీద పడి, వెలుగు ఎంత పెరిగిందంటారు? బీరువా తాళం కన్నంలోంచి సూదంత కిరణం బయటికొచ్చి, కిటికీ దాటి, ఎదురింటి గోడ మీద పడేది. ఎదురింటి తెల్లపిల్లి రోజూ అక్కడే కునుకు తీసేది, వారం తిరిగేసరికి ఒక పక్క నల్లపిల్లి అయిపోయింది. అదొక లెక్కా? ఆ తర్వాత ఓడలు మొదలయ్యాయి. కొండ మీద కోటలో లైట్‌హౌస్ ఉంది చూడండి, రేవుకొచ్చే ఓడలకి ఏది లైట్‌హౌసో ఏది నా తాళం కన్నమో తెలియక రెండ్రోజులు నీళ్ళ మీదే గిరగిరా తిరిగాయి. చివరికి నాకే జాలేసి కన్నంలో చూయింగ్ గమ్ అంటించాను. సాయంత్రానికల్లా అన్నీ రేవుకి చేరాయి.

ఓడ కెప్టెన్లెవరూ వచ్చి మీ తలుపు కొట్టలేదా అని విల్మర్. కొట్టారు, తలుపు తీయడానికి అవ్వ ఇంట్లో లేదన్నాను. నవ్వారు కొందరు. నవ్వితే నవ్వారు, నిజం చెప్పేవాళ్ళకి లోకంలో ఎప్పుడూ ఇదే మర్యాద.

"పిల్లా, మాతె గిన్నె మైకు కాదు," అన్నాడు దోన్ డార్డో.

గబగబా పీల్చేసి గిన్నె తిరిగిచ్చాను. అది వరసలో పక్కవాడి చేతికెళ్ళింది. నేను ఆగలేదు.

పూత వచ్చింది. ఆరూ ఒకేరోజు, ఒకేగంటలో, ఆరుగురు అక్కచెల్లెళ్ళు పండక్కి తయారైనట్టు. బొగ్గు మేజోళ్ళు ఆపగలిగిన వాసనా అది? బీరువా దాటింది, గది దాటింది, మెట్లమీద ఒక్కో మెట్టూ దిగుతోంది. ఇంకో అరగంట ఆగితే వీధిలో ప్రతి దొంగ ముక్కుకీ నా చిరునామా అందుతుంది. వాసనని వాసనతోనే కొట్టాలి అనుకున్నాను. పిండి పిసికాను, బాణలిలో ఆవుకొవ్వు కాచాను, తోర్తా ఫ్రీతాలు వేయించడం మొదలెట్టాను.

అక్కడే నేను చేసిన పొరపాటు. తోర్తా ఫ్రీతాలు మనవాళ్ళు ఎప్పుడు వేయిస్తారు? వాన పడ్డప్పుడు. ఎండ కాస్తుంటే వేయించిన మనిషిని ఈ దేశంలో ఎవరైనా చూశారా? బాణలి వాసన తగలగానే కింది అంతస్తావిడ కిటికీ వైపు కూడా చూడకుండా పరుగెత్తుకెళ్ళి ఆరేసిన బట్టలు తీసేసింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. పావుగంటలో వీధంతటా తీగల మీద ఒక్క గుడ్డ లేదు. ఎర్రటి ఎండలో మగాళ్ళు గొడుగులేసుకుని బస్సు కోసం నిలబడ్డారు. వచ్చిన బస్సుకి డ్రైవరు వైపర్లు వేశాడు. కింద మైదానంలో రెఫరీ, నేలంతా చిత్తడిగా ఉందని ఆట ఆపేశాడు. దుమ్ములేస్తున్న ఆ నేల మీదే ఇద్దరు ఆటగాళ్ళు బురదలో జారిపడి కాళ్ళు బెణికించుకున్నారు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా?

పూత ఒక్కరోజుతో పోయేదా, వారాల తరబడి ఉంటుంది, ఉన్నన్నాళ్ళూ నేను బాణలి దించకూడదు. రెండో వారానికి వాసన కొండ దిగి, రేవు చుట్టి, ఊరి నడిబొడ్డుకి చేరింది. అక్కడ ఆఫీసుల్లో జనానికి తడిసిన సాక్సులు మార్చుకోవాలనిపించింది. కప్పలు నేలలోంచి బయటికొచ్చి, ఎండ చూసి సిగ్గుపడి, అయినా వచ్చాం కదా అని అరిచి వెళ్ళాయి. అదే వారం ఒకాయన వరదొచ్చిందని పడవ కొన్నాడు.

ఇక్కడ విల్మర్ మళ్ళీ అడ్డొచ్చాడు. ఇంత తంటాలు పడే బదులు, మర్యాదస్తుల్లా ఫార్మసీకెళ్ళి ఒక గంజాయి పొట్లం కొనుక్కోవచ్చుగా అన్నాడు. నన్ను. ఫార్మసీకి. కౌంటరు మీదున్న మిషన్లో వేలు పెట్టి, అది పచ్చలైటు వెలిగించి దయతలిచేదాకా చెయ్యి చాచి నిలబడాలా నేను? అక్కడ ఒకసారి వేలిముద్ర ఇచ్చి పేరు రాయించుకున్నాక ఇక ఆ మనిషికి ఇంట్లో మొక్క ఉండకూడదు, చట్టం మనిషికొక్క దారే ఇచ్చింది, ఇంటి మొక్కయినా, క్లబ్బయినా, ఫార్మసీ అయినా. వేలు పెట్టేవాడికి వేరు తెలుస్తుందా? నా వేలి గీతలెలా ఉంటాయో ఆ మిషన్‌కి ఈ జన్మలో తెలియదు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ కోపంలోనే షెడ్డు తలుపు తెరుచుకుని నీబియా అక్క లోపలికొచ్చిన సంగతి సరిగ్గా చూసుకోలేదు. ఆవిడ ఫార్మసీ కౌంటరులో పనిచేస్తుంది, పని దిగి తెల్లకోటుతోనే వచ్చి, చివర బల్ల మీద కూర్చుని, చేతికొచ్చిన మాతె అందుకుంది.

మూడో వారం. వినండి, ఇది అసలు ముక్క. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, ఒక్క చిన్న మబ్బు మాత్రం బ్రెజిల్ వైపు తన దారిన తాను పోతోంది. మా మేడ మీదికొచ్చేసరికి ఆగింది. వాసన చూసింది. కింద తోర్తా ఫ్రీతాలు వేగుతున్నాయంటే మనం కురుస్తూ ఉండాలే, ఇదేమిటి, మర్చిపోయామా అని కంగారుపడింది. వెనక్కెళ్ళి పెద్దవాళ్ళని పిలుచుకొచ్చింది. ఆ పెద్దమబ్బుల ముఖాలు చూడాలి మీరు, డ్యూటీ ఎగ్గొట్టి దొరికిపోయిన గుమస్తాల్లా నల్లబడిపోయాయి. ఇక చూస్కోండి, బాకీపడ్డ వానంతా ఒక్కసారే. పంతొమ్మిది రోజులు. చెరువులు నిండాయి, వాగులు నిండాయి, కుళాయిలో నీళ్ళు తియ్యగా మారాయి. ఊరంతా బకెట్లు పట్టుకుని గంతులేసింది.

చెప్పండి, ఎవరి చలవ అది? ఒక్కరు, ఒక్కరైనా మూడంతస్తులెక్కి వచ్చి, అమ్మా యకెలిన్, నీ బాణలి చల్లగా ఉండాలి అన్నారా? ఏరు దాటాక తెప్ప తగలేసే జనం. పైగా ఆ కింది అంతస్తావిడ, నా కొవ్వు పొగకి కర్టెన్లు కంపుకొడుతున్నాయని మెట్లమీద నిలదీసింది. నేను దేశానికి నీళ్ళు తెస్తే ఆవిడకి కర్టెన్లు!

నా మొక్కలు మాత్రం విశ్వాసం చూపించాయి. తియ్యటి నీళ్ళు కడుపునిండా తాగి, బీరువా తలుపులు తోసుకుని, పైకప్పు తోసుకుని, పైఇంటివాళ్ళ భోజనాల బల్ల కిందనుంచి లేచాయి. లెక్కచూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు, సోమవారం పొద్దున ఆకుల్లో దూరాడు, గురువారం సాయంత్రం గడ్డంతో బయటికొచ్చాడు. ఆరే ఉన్నాయమ్మా, నాలుగోదాని దగ్గర కాస్త దారి తప్పాను అని కాగితం రాసిచ్చి వెళ్ళాడు.

ఆ కాగితం ఏదన్నాడు విల్మర్. వానకి తడిసిపోయింది. పంట ఏదన్నాడు. వానలో కొట్టుకుపోయింది. దేశానికి వాననిచ్చిన మనిషి పంట లెక్క చూసుకుంటుందా? ఇంత చేసినదాన్ని పట్టుకుని, చలికోట్లు తప్ప ఏమీ లేవంటాడా, అదీ తోట ముఖం ఎరగని బావమరిది కోసం? దోన్ డార్డో, ఆ తాళంచెవి నాకు కాకపోతే ఇంకెవరికిస్తారో మీ నోటితోనే చెప్పండి అన్నాను.

దోన్ డార్డో ఫ్లాస్కు కింద పెట్టాడు. లేచాడు. గోడ దగ్గరికెళ్ళి, మేకు మీంచి తాళంచెవి తీసి అరచేతిలో వేసుకుని చూశాడు. నమ్మాడో, నవ్వుకున్నాడో, ఆయన ముఖంలో ఏదీ తెలియదు. కానీ తీశాడు. ఇది మాత్రం కోతలు కాదు, నేనప్పటికే చెయ్యి చాచేశాను.

నీబియా అక్క అప్పుడే మాతె పీల్చడం ముగించి, నోరు తుడుచుకుని, నా వైపు తిరిగింది. ఆవిడకి పాపం ఈ తాళంచెవి గొడవేమీ తెలియదు.

"యకెలిన్, మంచిదానివి, ఇక్కడే కనబడ్డావు. ఈ వారం పొట్లాలు గురువారం రావటం లేదు, శుక్రవారం వస్తున్నాయి. ఊరికే తిరక్కు."

విల్మర్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా చెయ్యి వైపు చూశాడంతే, వేళ్ళు లెక్కపెడుతున్నట్టు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

ఆ పొట్లం నాక్కాదు అన్నాను. నా మొక్కలకి చూపించడానికి కొంటాను, బుద్ధిగా పెరక్కపోతే మీ గతి ఇదే అని భయం చెప్పడానికి.

నీబియా అక్క ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఆవిడ వేళాకోళమెరగని మనిషి.

"ఏడాదిన్నర నుంచీ చూపిస్తున్నావు కదే," అంది. "ఇంకా బుద్ధి రాలేదా వాటికి?"

అప్పుడు నవ్వారు. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు, బల్లలు కొట్టి నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారని నీబియా అక్క అందర్నీ మార్చి మార్చి చూసింది. దోన్ డార్డో ఒక్కడే నవ్వకుండా తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించాడు. అది కాసేపు ఊగి ఆగింది.

"వాన కావాల్సొస్తే నిన్నే పిలుస్తాను పిల్లా," అన్నాడు. "మొక్కలకి ఇంకొకర్ని చూసుకుంటాను."

విన్నారుగా. వాన సంగతి ఆయనే ఒప్పుకున్నాడు.