పోలేరయ్య తెచ్చిన రక్తం పండు

"తొందరపడొద్దు, మొదట ఒక్కటంటే ఒక్కటే నోట్లో ఏసుకోండి," అన్నాడు పోలేరయ్య, నాయుడుపేట నుంచి తెచ్చిన ప్యాకెట్టు మూతి పళ్ళతో చించి. "రెండు ఏసుకున్నారంటే తట్టుకోలేరు, ముందే చెప్తుండా."

సాయంత్రం వేళ. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఇంటి వరండాలో అతని కూతురు స్వర్ణ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చోనుంది. ఏడో నెల. తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. మొన్న ఆసుపత్రిలో పరీక్ష చేసి రక్తం బాగా తక్కువగా ఉందన్నారు, నెలలు నిండేలోపల పెరక్కపోతే కష్టమన్నారు. ఇనుము మాత్రలిచ్చారు. అవి చూస్తేనే స్వర్ణకి కడుపులో తిప్పుతుంది. మింగడం, వెంటనే కక్కెయ్యడం. ఇప్పుడు కూడా తల్లి మాలకొండమ్మ ఓ చేతిలో మాత్ర, ఓ చేతిలో నిమ్మరసం గ్లాసు పట్టుకుని కూతురి పక్కనే కూర్చుంది. ఎదురుగా పక్కింటి హజరత్తయ్య, పోలేరయ్యతో కలిసి చేపల వేటకి పోయే పెంచల్.

"ఏందన్నా ఇవి, ఎండు రేగ్గాయలా?" అన్నాడు హజరత్తయ్య.

"రేగ్గాయలంట! క్రాన్‌బెర్రీ అబ్బయ్యా, క్రాన్‌బెర్రీ. మంచు కురిసే దేశాల్లో కాస్తాయి. రక్తం పట్టేదానికి దీన్ని మించింది లేదు. నాకెట్టా తెలుసు అంటావా? పోయిన నెల ఫ్లెమింగోలు చూసేదానికి ఒక మద్రాసాయన వస్తే నా పడవలో తిప్పినా. ఆయన పోతాపోతా ఓ పిడికెడు నా చేతిలో పోసినాడు. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉండాయి, సరేలే అని తిన్నా. ఇంటికి తిరుక్కున్నా. పడవ బురదలో దిగబడింది. మామూలుగా ఆడ దిగబడితే నలుగురు మనుషులు నడుములు ఇరగ్గొట్టుకోవాల. నేనొక్కణ్ణే దిగి భుజం ఆనించినా, అంతే, ఖాళీ ఉయ్యాల తోసినట్టు పోయింది పడవ. ఇంతవరకూ ఎవరైనా నమ్ముతారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఎదురుగాలి లేచింది. ఇంజను ఆగిపోయింది. నేను గెడ తీసుకోని ఒక్క పోటు పొడిచినా. ఎంత జోరుగా పోయిందంటే హజరత్తూ, పడవ అడుగు తడవలేదు. ఒడ్డుకొచ్చినాక అడుగున చెయ్యి పెట్టి చూస్తే దుమ్ము!"

పెంచల్ ప్యాకెట్టులో చెయ్యి పెట్టి మెల్లగా నములుతున్నాడు.

"సరే, మర్నాడు నాయుడుపేటలో రక్తదానం పెట్టినారు. ఒళ్ళంతా రక్తం పొంగిపోతా ఉంది, ఊరికే ఉంచుకోని ఏం చేసుకుంటాం, పోయి పడుకున్నా. సూది గుచ్చినారో లేదో సంచి నిండింది. ఇంకోటి పెట్టినారు, అదీ నిండింది. నర్సమ్మ భయపడి డాక్టరు గారిని కేకేసింది. ఆయనొచ్చి, 'పెద్దాయనా, కాస్త ఆపుకోండి' అన్నాడు. ఆపుకునేదానికి అది నా చేతిలో ఉండాదా? సంచులు అయిపోయినాయి, మనుబోలు దాకా మనిషిని పంపించినారు, ఆణ్ణుంచి తెచ్చినవీ చాలక ఆఖరికి పాల క్యాన్లు పెట్టినారు."

స్వర్ణ నవ్వు ఆపుకోడానికి పెదాలు బిగించుకుంది.

"నీకిప్పుడు ఎంతుందన్నారు తల్లీ రక్తం? ఎనిమిదా? నాకా రోజు నలభై!"

"నలభై ఉంటే మనిషి బతకడయ్యా," అంది మాలకొండమ్మ.

"బతకడు. నేను బతికినా. అదే గదా నేను చెప్తుండేది!" పోలేరయ్య తొడ మీద చరుచుకున్నాడు. "మనిషి సంగతి ఎందుకు, ఈ వరండాలోనే ఒక పండు జారి కింద పడింది. తెల్ల కొంగ ఒకటి వచ్చి గుటుక్కున మింగింది. పొద్దుగూకేటప్పటికి రెక్కలు ఎర్రబడినాయి. కాళ్ళు పొడుగైనాయి. ఇప్పుడది ఫ్లెమింగోల్లో కలిసిపోయింది, పిలిచినా పలకదు, మనమెవరో తెలియనట్టు మొహం తిప్పుకుంటుంది."

స్వర్ణ భుజాలు కదిలాయి. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదొక లెక్కా! శ్రీహరికోటలో రాకెట్టు వదిలిన రోజు..."

"ఆ రోజు మనల్ని నీళ్ళల్లోకి పోనీరు గదన్నా," అన్నాడు హజరత్తయ్య.

"పడవల్ని పోనీరు. నేను పడవ ఎక్కితే గదా? నీళ్ళ మీద పరిగెత్తినా. మంట కనబడింది, ఈ గట్టు మీద నుంచి లేచినా. దాని శబ్దం మన ఊరికి వచ్చేలోపల ఆ ఒడ్డు తాకి, మొహం కడుక్కోని, తిరిగొచ్చి, బీడీ ముట్టించుకోని నిలబడినా. అప్పుడొచ్చింది శబ్దం. కానీ కాళ్ళు ఆగితేనా? లోపల క్రాన్‌బెర్రీ ఊరుకుంటేనా? అట్టే పైకి లేచిపోయినా, రాకెట్టు పక్కనే. అది పోయిపోయి తూర్పుకి వంగుద్ది, మీరందరూ చూసినారు గదా? ఎందుకు వంగుద్దనుకున్నారు? పక్కన వచ్చేది ఎవరా అని చూసేదానికి!"

పెంచల్‌కి పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్ళు తుడుచుకున్నాడు.

"వదినా, చెప్పనని అన్నకి మాటిచ్చినా గాని ఇంక నా వల్ల కాదు. పొద్దున్నుంచి నేను అన్న పక్కనే ఉండా. నాయుడుపేట షాపులో అన్న ఏమడిగినాడో తెలుసా? 'రక్తం పట్టేది, ఎర్రగా ఉండేది ఏదన్నా ఇయ్యి' అని. షాపాయన బీట్‌రూటు చూపించినాడు. 'ఇంతకన్నా ఎర్రగా' అన్నాడు అన్న. అప్పుడు ఈ ప్యాకెట్టు తీసిచ్చినాడు. మన ఊరు వచ్చిందాకా బస్సులో నా చేత ఆ పేరు పలికించుకోని నేర్చుకున్నాడు, కాంబేరి, క్రాంబూరి అనుకుంటా. మద్రాసాయనా లేడు, పిడికెడూ లేదు. అన్న ఆ పండు మొహం చూసిందే ఈ రోజు!"

హజరత్తయ్య విరగబడి నవ్వాడు.

"ఇది... ఇది నేను రెండోసారి తెచ్చింది," అన్నాడు పోలేరయ్య.

స్వర్ణ ప్యాకెట్టు అందుకుని ఒక పండు నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది.

"బాగుండాది నాన్నా. మన వాక్కాయని పాకంలో ఊరేసి ఎండబెట్టినట్టుంది. మొన్న ఆసుపత్రిలో ఒకామె నవోమి సిస్టర్‌ని దీని గురించే అడిగింది. ఉత్త పండు నోట్లో పెట్టుకోలేనంత పులుపంట, అందుకని చక్కెర పట్టించి ఎండబెడతారంట. కాస్త పీచు ఉంటుందంట. ఇనుము ఉండీ లేనట్టేనంట. పిడికెడు తింటే రెండు గులాబ్ జామూన్లు తిన్నట్టే, ఎప్పుడన్నా సరదాకి తినండి గాని రక్తం కోసం తినొద్దు అనింది."

మళ్ళీ ప్యాకెట్టులోకి పోతున్న పెంచల్ చెయ్యి అక్కడే ఆగింది.

పోలేరయ్య తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. సరస్సు వైపు చూశాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు.

"రక్తం తక్కువన్నారు గదమ్మా. మాత్రేమో నీకు దిగదు. రేత్రి నిద్ర పట్టటం లేదు నాకు. ఎర్రగా కనబడింది, తెచ్చినా. నాలుగు మాటలు కలిపి చెప్తేనన్నా తింటావని."

స్వర్ణ చెయ్యి చాపి తండ్రి మోకాలి మీద వేసింది.

"మాత్ర దిగిపోయింది నాన్నా."

"ఎప్పుడు?"

మాలకొండమ్మ ఖాళీ గ్లాసు చూపించింది. "నువ్వు రాకెట్టు పక్కన ఎగరతా ఉన్నప్పుడు ఇచ్చినా. నీ వైపు చూస్తానే మింగింది. మింగినట్టు దానికే తెలవదు. ఇంతవరకూ కడుపులో తిప్పలేదు చూడు."

పోలేరయ్య గ్లాసు చేతిలోకి తీసుకుని అడుగు దాకా చూశాడు. కూతురి మొహం చూశాడు. తువ్వాలుతో ఒకసారి గట్టిగా కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ తర్వాత నడుము నిటారుగా పెట్టి హజరత్తయ్య వైపు తిరిగాడు.

"చూసినావా? ప్యాకెట్టు ఇంట్లోకి వచ్చి గంట కాలేదు. నా కూతురు తిన్నది ఒక్కటంటే ఒక్క పండు. అప్పుడే ఒంట్లోకి ఇనుము పోయిందా లేదా?"