పరశురాములు బొక్కల బలం

పరశురాములుకు ముచ్చట చెప్పుడంటే పాణం. సుల్తానాబాద్ పక్కపొంటి ఊళ్లె రైతు, డెబ్బయి నిండినయి. ఆయన ఇంటామె కొమురవ్వ వాకిట్ల కాలుజారి పడితే తుంటి బొక్క ఇరిగింది. కరీంనగర్ దవాఖానల ఆపరేషనయి ఆరు దినాలు. ఆమె మూలుగుడు ఇనలేక ఈయన పొద్దుకు నాలుగుసార్లు కిందికి దిగి, గేటు ముందటి చాయ్ హోటల్ల కూసుంటడు. ఆ దినం వాళ్ల ఊరాయన కైలాసం చూడవచ్చిండు. బెంచీ మీద ఇంకో నలుగురున్నరు, అందరు రోగుల తోని వచ్చినోళ్లే.

"నువ్వు మాత్రం ఇంక గట్టిగనే ఉన్నవన్నా" అన్నడు కైలాసం. గంతే, పరశురాములు అందుకున్నడు.

"ఊకెనే ఉంటరా తమ్మీ? తిండి! తెల్లారంగనే నువ్వుల ముద్ద. పగటీలి జొన్నరొట్టె, మునగాకు పప్పు, గడ్డపెరుగు. పండేటప్పుడు చెంబెడు పాలు. ఐతారమొస్తే మేకకాళ్ల పాయ. అరవై ఏండ్లప్పుడు గూడ వడ్ల బస్తా ఒక్కన్నే ట్రాలీల ఏసిన."

"అవ్, నేను చూసిన."

"నువ్వు చూసింది ఒక్కటే! తెల్లారి సంకకొకటి, మెడ మీదొకటి, మూడెత్తిన. గంతల ట్రాక్టర్ బురదల దిగవడె. ఏం జేసిన్నో ఎర్కేనా? బస్తాలు దించకుంటనే నడుమువెట్టి ఒక్క నూకుడు నూకిన. పోయి పోయి జమ్మికుంట మార్కెట్ల ఆగింది!"

"మరి డ్రైవర్?"

"వాడు బురదలనే ఉండె. బస్సెక్కి పోయి బండి తెచ్చుకున్నడు!"

బెంచీ మీదోళ్లు నవ్విన్రు. ఆ నవ్వు ఇనంగనే పరశురాములుకు ఊపొచ్చింది. నవ్వినంతసేపు పైన కొమురవ్వ ఉన్న వార్డు యాదికి రాదు.

"నవ్వుతరేంది? పోయినేడు లారీ గుద్దింది నన్ను. నేను లేచి ధోతి దులుపుకున్న, లారీ రెండు ముక్కలయింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఎక్స్‌రే తీస్తే బొక్కలల్ల నుంచి వెలుగు దాటదాయె, మిషన్ల నుంచి పొగ! డాక్టరు పరేషానయి సుత్తె తెచ్చి మోకాలు మీద కొట్టిండు. టంగ్‌మని మోగింది. పక్క బడిల పిల్లలు ఇంటిబెల్లనుకొని సంచులు వట్టుకొని ఉరికిన్రు!"

ఈసారి చాయ్ పోసే ఐలవ్వ గూడ కొంగు అడ్డం వెట్టుకొని నవ్వింది. "ఏం తినాల్నో మాకు గూడ రాసియ్యి తాతా" అన్నది.

"రాసుకోరి. నువ్వులు, పాలు, ఎండల నడక..."

"బావా."

కొమురవ్వ చెల్లె బాలవ్వ ఫ్లాస్కు వట్టుకొని ఎనుక నిలవడ్డది. ఆరు దినాల సంది అక్క కాడ ఉంటున్నది ఆమెనే. ఎప్పుడచ్చిందో ఎవలు చూడలే.

"డాక్టరు అచ్చిండు బావా. అక్క బొక్కలు గుల్లయినయట, చెదలు వట్టిన కట్టె లెక్క. ఆపరేషన్ల ఏసిన రాడ్డు నిలుసుడు గూడ కష్టమంటుండు. పాలు తాగేదా, పెరుగు తినేదా, ఇన్నేండ్లు ఏం తిన్నదని అడుగుతుండు. అక్కను అడిగితే గోడ దిక్కు తిరిగి పండుకుంది. నువ్వు చెప్పు."

"అందరు తిన్నదే తిన్నది" అన్నడు పరశురాములు.

"ఇంట్ల ఉన్నది ఒక్క బర్రె. చెంబెడు నువ్వు తాగుతివి, మిగిలినయి పాలకేంద్రంల పోసిన్రు. అక్కకేం మిగిలె?"

"తిన్నదే, నువ్వు ఊకో."

"నువ్వు చూసినవా?"

పరశురాములు నోరు తెరిసిండు. నువ్వులు దంచుకుంట కొమురవ్వ కండ్ల ముందటికి వచ్చింది. పాయ కాడ పొయ్యి ఊదుకుంట వచ్చింది, వడ్డించుకుంట వచ్చింది, గిన్నెలు తోముకుంట గూడ వచ్చింది. ముందట పల్లెం వెట్టుకొని కూసున్న కొమురవ్వ మాత్రం ఎంత ఎతికినా రాలే. తను తిని, చెయ్యి కడుక్కొని, బయట మంచంల ఒరిగెటోడు. ఆ తర్వాత ఇంట్ల ఏమయ్యేదో లగ్గమైన నలభై ఐదేండ్లల్ల ఒక్కనాడు గూడ తిరిగి చూడలే.

కైలాసం తల వంచుకున్నడు.

"చూడలే" అన్నడు పరశురాములు.

"గదే చెప్త డాక్టరుకు" అని బాలవ్వ మెట్ల దిక్కు తిరిగింది.