ఎనభై మూడో నంబరు ఇల్లు

సెన్యోర్ గారు బెంచీ మీద సర్దుకుని కూర్చుని గ్లాసు చేతిలోకి తీసుకున్నారంటే, ఆ టీ చల్లారేదాకా ఇంకెవరికీ నోరు తెరిచే అవకాశం ఉండదు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ఆ రోజుల్లోనే, ఇంట్లో కూర్చుని సొంతంగా స్పానిష్ నేర్చుకునేవాళ్ళ కోసం ఒక పుస్తకం రాసి అచ్చు వేయించారు. సెన్యోర్ అంటే ఆ భాషలో 'అయ్యగారు', ఆ పేరు అలా వచ్చిందే. టీ కొట్టు దగ్గర ఆ పుస్తకం గురించి విననివాళ్ళు లేరు, చూసినవాళ్ళూ లేరు.

ఆ మధ్యాహ్నం దర్జీ, ఎలక్ట్రీషియన్ చెరో పక్కా కూర్చున్నారు. మందుల షాపులో కొత్తగా చేరినావిడ స్తంభానికి ఆనుకుని టీ తాగుతోంది. నిన్న కూడా అక్కడే నిలబడి ఆయన కబుర్లు విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఇవాళ ఆవిడ భుజానికి ఒక గుడ్డసంచీ ఉంది.

"పెద్ద పనేం కాదయ్యా అది," అని మొదలుపెట్టారు సెన్యోర్ గారు. "పాత డిక్షనరీ ఒకటి దగ్గర పెట్టుకున్నాను, రోజూ పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళేముందు ఓ గంట కూర్చున్నాను, ఏడాది తిరిగేసరికి ఇరవై పాఠాలు తయారు. పలకడం ఎలాగో తెలియాలి కదా, ప్రతి మాటా కింద తెలుగు అక్షరాల్లో వేశాను. పాఠాలన్నిట్లోనూ ఒకావిడే ఉంటుంది. చెల్లెలు వస్తుందని రైల్వే స్టేషన్లో ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి పాఠంలో స్టేషన్ మాస్టరుని పలకరిస్తుంది. మూడులో టైమెంతయిందని అడుగుతుంది, అంకెలు నేర్పాలి కదా మరి. ఆరులో వాన. తొమ్మిదిలో గొడుగులు, వాటి రంగులు."

"పాపం, ఇరవై పాఠాలూ నిలబెట్టేశారా ఆవిణ్ణి?" అన్నాడు దర్జీ.

"పద్నాలుగో పాఠంలో బెంచీ వేయించానుగా! సరే, అది వదిలెయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెయ్యి కాపీలు పొద్దున పదింటికి కొట్లో పెడితే పదకొండింటికి ఒక్కటి మిగల్లేదు. ఆ కొన్నవాళ్ళలో ఓడలో వంటవాడొకడున్నాడు, వాడు కూర కలుపుతూ ఒక్కో పాఠం పైకి చదివేవాడట, వారం తిరిగేసరికి ఆ ఓడలో ఉన్న మూడొందల మందికీ స్పానిష్ వచ్చేసింది, కెప్టెనుతో సహా!"

"ఇంజను శబ్దంలో వినపడిందా అందరికీ?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నా పాఠం కోసం ఇంజను ఆపేసేవారు. మధ్యలో అడ్డొస్తావేంటోయ్! ఓడ స్పెయిన్ చేరింది. వీళ్ళు దిగి మాట్లాడుతుంటే రేవులో జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. మా భాష మాకంటే మీకే బాగా వచ్చే, ఎవరు నేర్పారు మీకు అని కాళ్ళావేళ్ళా పడ్డారు. పుస్తకం చూపించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడి బళ్ళన్నిట్లో ఉన్న పుస్తకాలు తీసేసి నాది పెట్టారు. పలకడమంతా తెలుగు అక్షరాల్లో ఉందాయె! అందుకని ఇప్పుడు అక్కడి పిల్లలు ముందు మన అఆలు దిద్ది, ఆ తర్వాతే వాళ్ళ భాష నేర్చుకుంటున్నారు."

దర్జీకి టీ పొలమారింది. టీ కొట్టాయన స్టవ్ తగ్గించి, నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి నిలబడ్డాడు.

"అయితే ఉత్తరాలు గట్రా వచ్చుంటాయే," అన్నాడు ఎలక్ట్రీషియన్, ఇంకాస్త ఎక్కిద్దామని.

సెన్యోర్ గారు ఒక్క క్షణం గ్లాసులోకి చూశారు. ఉత్తరాలు రాయమని పుస్తకం వెనక అట్ట మీద ఆయనే వేయించారు. 'అభ్యాసాలకు జవాబులు రాసి ఈ చిరునామాకు పంపండి. రచయిత స్వయంగా దిద్ది తిరిగి పంపుతారు.' అందుకోసం డజను ఎర్ర పెన్సిళ్ళు కొని పెట్టుకున్నారు. నిజానికి వేసింది మూడొందల కాపీలు. సగం అమ్ముడుపోయాయి, మిగతావి మంచం కిందే ఉన్నాయి. పుస్తకం వచ్చిన కొత్తలో పోస్ట్‌మ్యాన్ సైకిలు వీధి మలుపు తిరిగిందంటే చాలు, గేటు దగ్గర నిలబడేవారు. ఏడాదంతా నిలబడ్డారు. రెండో ఏడు కిటికీ దగ్గర కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా రాలేదు. ఆ డజను పెన్సిళ్ళలో ఒక్కటీ చెక్కలేదు. రెండో భాగం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ, ఎవరి కోసం అనిపించి లేచిపోయేవారు. తనకు వచ్చిన స్పానిషంతా గడ్డం గీసుకునే అద్దంతోనే మాట్లాడుకున్నారు. తాను నేర్పిన ఒక్క మాట ఒక్క మనిషి నోట వినాలని ఎంత కోరికో, ఆ కోరిక పుట్టినప్పుడల్లా కోతలు అంతకంత పెరిగేవి.

"ఉత్తరాలా!" గొంతు సవరించుకున్నారు. "సైకిలు చాలక లారీలో తెచ్చేవాళ్ళయ్యా. నా ఒక్కడికోసం వేరే పోస్ట్‌మ్యాన్ని వేశారు. గుమ్మానికి అడ్డంగా పేరుకుపోయి, నేను ఆర్నెల్లు కిటికీలోంచి దూరి ఇంట్లోకి వెళ్ళాను. అన్నీ దిద్దేసరికి ఊళ్ళో ఎర్ర పెన్సిలనేదే లేకుండా పోయింది!"

"అన్నిటికీ జవాబు రాశారా అండీ?" అంది స్తంభం దగ్గరున్నావిడ.

ఆవిడ గొంతు వినడం అందరికీ అదే మొదటిసారి.

"అన్నిటికీనమ్మా. ఒక్కటి మిగల్చలేదు."

"నాది మిగిలిపోయిందండీ."

ఎలక్ట్రీషియన్ నవ్వబోయి ఆగాడు. ఆవిడ సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. మూలలు నలిగి, వీపున టేపు అతికించి ఉంది. అందులోంచి మూడు కవర్లు తీసి బెంచీ మీద వరసగా పెట్టింది. మూడింటి మీదా ఒకటే ముద్ర, 'ఈ నంబరుతో ఇల్లు లేదు.'

"కాలు విరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాను. పాత పుస్తకాల్లో దొరికిందని మా అక్క తెచ్చిచ్చింది. అభ్యాసాలన్నీ చేసి పంపితే తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను, మళ్ళీ పంపాను. నిన్న మీ మాటలు విన్నాక ఇంటికెళ్ళి వెతికి తీశాను."

సెన్యోర్ గారు పుస్తకం తిప్పి వెనక అట్ట చూశారు. ఇంటి నంబరు ఎనభై మూడు. ఆయనది ముప్ఫై ఎనిమిది. ఆ వీధి మొత్తం మీద అరవై ఇళ్ళకు మించి లేవు.

పుస్తకం లోపల ప్రతి అక్షరాన్నీ భూతద్దం పెట్టి నాలుగుసార్లు దిద్దిన మనిషి ఆయన. అట్ట మాత్రం ఆఖరి రోజు మెషీను మీద నుంచి తడితడిగా చేతికొచ్చింది. ఆ పూట ఆయన చూసింది తన పేరొక్కటే. అచ్చులో తన పేరు చూసుకుంటూ, చూసుకుంటూ, కింద ఉన్న చిరునామా దాకా కళ్ళు దించకుండానే అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేశారు. ఇప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"లారీ ఈవిడ ఉత్తరాలు కూడా తెచ్చిందేమో, గుమ్మం దొరకలేదు పాపం," అన్నాడు దర్జీ. ఎవరూ నవ్వలేదు.

"ఉత్తరాలు రాలేదమ్మా," అన్నారు సెన్యోర్ గారు మెల్లగా. "ఒక్కటి కూడా రాలేదు. నేర్చుకున్నవాళ్ళే లేరనుకున్నాను."

"నేను మూడోసారి రాసింది జవాబుల కోసం కాదండీ. ఒక సంగతి తెలుసుకుందామని. ప్రతి పాఠం చివరా ఆవిడ చెల్లెలు వస్తోందా అని అడుగుతుంది, స్టేషన్ మాస్టరు తర్వాతి రైలంటాడు. ఇరవయ్యో పాఠంలోనూ అంతే. తరువాయి రెండో భాగంలో అన్నారు. అది ఎక్కడా దొరకలేదు. ఎనిమిది నెలలు ఆవిడతోపాటే ఉన్నాను కదా, అలా వదిలేసి రాబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఏమైందండీ?"

రోజూ తాను అందరినీ అడిగే మాటే అది.

"తెలియదమ్మా," అన్నారు. "రాయలేదు."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. స్టేషన్ మాస్టరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, పుస్తకంలో తెలుగు అక్షరాల్లో ఎలా ఉందో అచ్చం అలాగే పలికింది. "వ్యేనె మి ఎర్మానా ఎన్ ఎస్తె త్రేన్?"

నా చెల్లెలు ఈ రైల్లో వస్తోందా? పద్దెనిమిదేళ్ళలో అద్దం కాక ఇంకొకరు ఆయనతో ఆ భాషలో మాట్లాడటం ఇదే మొదటిసారి. ఆయన కళ్ళు నిండాయి. పుస్తకం ప్రకారం చెప్పాల్సిన జవాబు ఆయనకు కంఠతా వచ్చు. లేదమ్మా, తర్వాతి రైలు.

ఆయన బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డారు.

"సీ, సెన్యోరా," అన్నారు.

"ఏమన్నారండీ?" అని ఎలక్ట్రీషియన్ ఆవిణ్ణి అడిగాడు.

"వస్తోందన్నారు," అంది ఆవిడ.