కోతి వైరస్‌ని మొదట చూసినవాడు

క్యాంటీన్‌లో అందరూ తోడల్లుడికి చప్పట్లు కొడుతుంటే కోతుల కాపరికి కడుపు మండిపోయింది. ఆ పరిశోధనశాలలో పద్దెనిమిదేళ్లుగా కోతుల బోనులు కడుగుతున్నది తను. నిన్నగాక మొన్న, మూడేళ్ల కిందట చేరిన తోడల్లుడేమో మనుషుల క్యాన్సర్ గడ్డల్లో కోతి వైరస్ జాడ పట్టాడట. గడ్డకి అదే కారణమో కాదో ఇంకా తేలనేలేదు, అప్పుడే అత్తగారు "మా చిన్నల్లుడు, మా చిన్నల్లుడు" అని వీధంతా టముకు వేస్తోంది. పెద్దల్లుడనేవాడొకడు ఏడ్చాడని ఆవిడకి గుర్తుందా అసలు?

"ఇంతకీ దాన్ని మొదట కనిపెట్టింది ఎవరనుకున్నారు?" అన్నాడు టీ గ్లాసు బల్లమీద టక్కున పెట్టి. "ఏడో బోనులో ముసలి కోతి తుమ్మింది. వినగానే అనుకున్నా, ఇది జలుబు తుమ్ము కాదు, వైరస్ తుమ్మని!"

"తుమ్ములోనే తెలిసిపోయిందా?" అంది సీసాలు కడిగే పిన్ని.

"తెలియడమేంటి పిన్నీ, కనపడితేనూ! మైక్రోస్కోపులు మీలాంటివాళ్ళకి. గాల్లో ఎగురుతుంటే ఠపీమని గుప్పిట పట్టేశా. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఆ చేత్తోనే తిన్నగా వీడి గదికెళ్ళా. గడ్డల ముక్కలున్న నలభై గొట్టాలకీ మూతలు తీసి, వేలు పెట్టి వెతికా. ముప్పైతొమ్మిదో దాంట్లో నక్కి ఉంది దీని తోడబుట్టింది! రెండిటినీ పక్కపక్కన నిలబెడితే అదే ముక్కు, అదే మూతి! నన్ను చూసి రెండూ దణ్ణం పెట్టాయంటే నమ్ముతారా?"

క్యాంటీన్ గొల్లుమంది. పిన్ని మాత్రం నవ్వలేదు.

"గ్లవ్స్ వేసుకున్నావా?"

"నాకెందుకు గ్లవ్స్? వట్టి చేతులే!"

"అయితే గడ్డల్లో దొరికింది నీ చేతికంటిన కోతి వైరస్సేగా నాయనా! పాపం, చిన్నాడి మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశావు."

నవ్వులు ఆగిపోయాయి. తోడల్లుడి మొహం పాలిపోయింది. "అన్నయ్యా, నిజం చెప్పు. ముట్టుకున్నావా? ముట్టుకుంటే అన్నీ పారేసి మళ్ళీ మొదలెట్టాలి."

ఒక్క క్షణం కాపరికి నోరూరింది. అవునంటే చాలు, చిన్నల్లుడి వైభోగం ఇవాళ్టితో సరి. కానీ గుమ్మంలో పెద్దసారు నిలబడి వింటున్నాడు. అవునంటే తన ఉద్యోగమూ సరి.

"లేదు తమ్ముడూ," అని గొణిగాడు. "ఆ గది గడప కూడా నేనెప్పుడూ తొక్కలేదు."

"కాస్త గట్టిగా చెప్పు నాయనా," అంది పిన్ని. "వెనకున్నవాళ్ళకి వినపడలేదట."